రోజూ పనికి తొక్కే సైకిల్: ఏ రకం ఎవరి దినచర్యకు సరిపోతుంది

రోజూ సైకిల్ మీదే పనికి వెళ్లేవాళ్లు నలుగురు చేరి తమ బళ్లను ఒకరికొకరు చూపించుకునేటప్పుడు ఒక తేడా కనిపిస్తుంది. కొత్తగా కొన్నవారు ఫ్రేము రంగు, గేర్ల సంఖ్య, బరువు చెబుతారు. మూడు నాలుగేళ్లుగా అదే బండి తొక్కుతున్నవారు మాత్రం మడ్‌గార్డు చివర తగిలించిన రబ్బరు ముక్కను, సీటు కింద మడిచి పెట్టిన ప్లాస్టిక్ కవరును, క్యారియర్‌కు చుట్టి ఉంచిన పాత ట్యూబును వేలు పెట్టి చూపిస్తారు. కొన్న తరువాత తగిలించిన ప్రతి వస్తువూ ఆ సైకిల్ కొన్న రోజున లేనిదాని మీద ఒక ఫిర్యాదు. ఏ రకం తీసుకోవాలో తేలక తికమకపడుతున్నవారు అమ్మకపు కాగితాలు చదివే ముందు, వాడి అరిగిన సైకిళ్లను ఈ దృష్టితో చూస్తే సగం సందేహాలు తీరిపోతాయి. ఈ వ్యాసంలో ఒక్కొక్క రకాన్నీ అలాగే చూస్తాను.

ముందు తేల్చుకోవలసినవి

చాలామంది మొదట దూరం లెక్కపెడతారు. నా దృష్టిలో మొదటి ప్రశ్న అది కాదు. సైకిల్ రోజుకు ఒక గంట నడిస్తే ఇరవై మూడు గంటలు ఎక్కడో ఒకచోట నిలబడి ఉంటుంది. ఆ చోటు ఎలాంటిదన్నదే అన్నిటికంటే ముందు అడగాలి. నేల మీదే పైకప్పు కింద పెట్టుకునే వీలుంటే ఏ సైకిలైనా ఒకటే. మెట్లెక్కించాలంటే బరువు, ఇరుకు నడవలో నిలపాలంటే హ్యాండిల్ వెడల్పు, వీధిలో వానకు వదిలేయాలంటే చైను కవరు, దొంగల భయం ఉంటే తాళం వేయడానికి అనువైన ఫ్రేము ముఖ్యమవుతాయి. నేను రెండో అంతస్తులో ఉంటూ నిటారుగా కూర్చుని తొక్కే, ఇరవై కిలోల రోడ్‌స్టర్ కొన్నాను. తొక్కినంతసేపు దాని మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. నెల తిరగకుండానే దాన్ని మెట్ల కింద వదిలేయడం మొదలుపెట్టాను. ఆ వానాకాలం ముగిసేసరికి సీటు కింది స్ప్రింగులు తుప్పు పట్టి, కూర్చున్నప్పుడల్లా కిర్రుమనేవి. తప్పు సైకిల్‌ది కాదు, మెట్లు లెక్కపెట్టని నాది.

రెండోది దూరం. ఇక్కడ ఒక చిన్న లెక్క చాలా భ్రమలను తొలగిస్తుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో 5 కిలోమీటర్లు వెళ్లడానికి 20 నిమిషాలు పడుతుంది. 20 కిలోమీటర్ల వేగంతో అయితే 15 నిమిషాలు. తేలికపాటి, వేగవంతమైన సైకిల్ మిగిల్చిన ఆ ఐదు నిమిషాలు చెమటకు తడిసిన చొక్కా మార్చుకోవడానికే సరిపోవు. దూరం 15 కిలోమీటర్లయితే ఇవే వేగాలకు తేడా పావుగంట, రానూపోనూ అరగంట. కాబట్టి దగ్గరి ప్రయాణానికి వేగం చూసి డబ్బు పెట్టడం వృథా, దూరప్రయాణానికి వేగాన్ని పట్టించుకోకపోవడం పొరపాటు.

మూడోది దారిలో ఎక్కే మిట్టలు. పొడవైన వాలు ఒక్కటి ఉన్నా, దారి మిగతా అంతా చదునుగా ఉన్నా, గేర్లను ఆ ఒక్కదాన్ని బట్టే నిర్ణయించుకోవాలి. నాలుగోది మోసే బరువు, వేసుకునే బట్టలు. ఐదోది వాన. ఆరోది, చాలామంది అడగడం మరిచేది: మరమ్మతు ఎవరు చేస్తారు? పంచరు మీరే వేసుకోగలిగితే ఎంపికలు పెరుగుతాయి. వేసుకోలేకపోతే దగ్గరలో ఉన్న మెకానిక్కుకు తెలియని హబ్బు గేరు (వెనుక చక్రం నడిమి డబ్బాలో దాగిన గేర్లు), నూనె ఒత్తిడితో పట్టే హైడ్రాలిక్ బ్రేకు ఉన్న సైకిల్ ఒక్కొక్కప్పుడు వారం రోజులు మూలన పడి ఉంటుంది.

ఒక్క చూపులో

| రకం | సాధారణ బరువు | టైరు వెడల్పు | సుఖంగా వెళ్లే దూరం | పెద్ద బలం | పెద్ద లోపం |
|---|---|---|---|---|---|
| రోడ్‌స్టర్ | 18–22 కిలోలు | 37–40 మి.మీ. | 6 కి.మీ. వరకు | బట్టలు పాడుకావు, వానకు ఓర్చుకుంటుంది | మోయలేం, మిట్టల దగ్గర కష్టం |
| హైబ్రిడ్ | 11–14 కిలోలు | 35–42 మి.మీ. | 12 కి.మీ. వరకు | అన్నిటికీ పనికొస్తుంది | కొన్నాక చాలా తగిలించుకోవాలి |
| ముందు సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్ | 14–16 కిలోలు | 50 మి.మీ. పైన | 6 కి.మీ. వరకు | చెడ్డ దారులు | తారురోడ్డు మీద శ్రమ వృథా |
| వంగిన హ్యాండిల్ ఉన్న రోడ్ బైక్ | 8–11 కిలోలు | 25–32 మి.మీ. | 12 కి.మీ. పైన | వేగం | బరువు మోయడానికి, వానకు పనికిరాదు |
| మడిచే సైకిల్ | 10–14 కిలోలు | 35–45 మి.మీ. | 6 కి.మీ. వరకు | లోపలికి తీసుకెళ్లవచ్చు | గుంతలు |
| ఎలక్ట్రిక్ సైకిల్ | 18–25 కిలోలు | 40–55 మి.మీ. | 15 కి.మీ. వరకు | మిట్టలు, ఎదురుగాలి, చెమట | బరువు, బ్యాటరీ |

దూరాలు ఒక వైపు ప్రయాణానికి, మామూలు ఆరోగ్యం ఉన్న మనిషికి నేను వేసిన అంచనాలు. బాగా అలవాటు పడ్డవారు వీటిని సులువుగా దాటిపోతారు.

రోడ్‌స్టర్: నిటారుగా కూర్చుని వెళ్లేవారికి

హ్యాండిల్ ఎత్తుగా వెనక్కి వంగి ఉండి, వీపు నిటారుగా నిలిపి, తల తిప్పి వెనుక వచ్చే వాహనాన్ని సులువుగా చూసుకోనిచ్చే సైకిల్ ఇది. చైనును పూర్తిగా మూసే కవరు, పెద్ద మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్, గంట అన్నీ కొన్న రోజే ఉంటాయి. పని బట్టలతోనే ఎక్కి, పని బట్టలతోనే దిగవచ్చు. కుడి కాలి ప్యాంటు అంచున చైను పళ్ల ఆకారంలో పడే నల్లటి జిడ్డు మరక ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ కవరు విలువ వేరే చెప్పనక్కరలేదు.

లోపాలు కూడా అంతే స్పష్టం. ఒకే గేరు ఉంటే, ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్న రోడ్‌స్టర్ పెడల్ ఒక చుట్టు తిరిగితే సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు పోతుంది. చదును నేల మీద ఇది హాయి. మిట్ట మీద దిగి నడిపించడమే. మూడు గేర్ల హబ్బు ఉంటే కింది గేరు ఆ దూరాన్ని నాలుగు మీటర్ల దగ్గరికి తగ్గిస్తుంది. చిన్న మిట్టలకు అది చాలు, కొండదారికి చాలదు. బ్రేకుల విషయంలో జాగ్రత్త అవసరం. పాత పద్ధతిలో ఉక్కు కడ్డీలతో లాగి, మెరుగుపూత పూసిన ఉక్కు రిమ్మును రబ్బరుతో ఒత్తే బ్రేకు తడిస్తే దాదాపు పట్టదు. అల్యూమినియం రిమ్ము ఉన్నది గానీ, హబ్బు లోపలే డ్రమ్ము బ్రేకు ఉన్నది గానీ, పెడల్ వెనక్కి తొక్కితే పట్టే కోస్టర్ బ్రేకు ఉన్నది గానీ ఎంచుకోవడం మేలు. రోడ్‌స్టర్ ఉన్నవారు తరువాత తగిలించేది చాలా తక్కువ. ముందు ఒక బుట్ట, మెరుగైన దీపం, అంతే. నా ప్రమాణం ప్రకారం ఇది పెద్ద ప్రశంస.

హైబ్రిడ్: ఏదీ తేలనివారికి

తిన్నటి హ్యాండిల్, కాస్త ముందుకు వంగిన కూర్చునే తీరు, 622 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రిమ్ము, మధ్యరకం వెడల్పు ఉన్న టైర్లు, చైనును ఒక పళ్లచక్రం నుంచి మరొకదానికి దూకించే డెరైలర్ గేర్లు: హైబ్రిడ్ అంటే సాధారణంగా ఇదే. ముందు 28, వెనుక 32 పళ్ల మీద చైను ఉంచితే పెడల్ చుట్టుకు రెండు మీటర్ల లోపే కదులుతుంది కాబట్టి ఎంత నిట్టనిలువు వీధినైనా ఓపికగా ఎక్కేయవచ్చు.

అయితే హైబ్రిడ్ అసంపూర్తి సైకిల్. మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు, దీపాలు, గంట, తాళం, ఒక్కొక్కప్పుడు సీటు కూడా వేరే కొనవలసిందే. ధర పోల్చేటప్పుడు ఈ ఖర్చంతా కలిపి పోల్చకపోతే రోడ్‌స్టర్ ఖరీదైనదిగా, హైబ్రిడ్ చవకగా కనబడుతుంది. కొనే ముందు మోకాళ్ల మీద కూర్చుని ఫ్రేమును పరీక్షించండి. వెనుక ఇరుసు పక్కన, సీటు కింద, ముందు ఫోర్కు కొనల దగ్గర స్క్రూ బిగించడానికి మరలున్న రంధ్రాలు ఉన్నాయా? ఫోర్కుకూ టైరుకూ మధ్య మడ్‌గార్డు పట్టే ఖాళీ ఉందా? ఈ రెండూ ఉంటే మిగిలినవన్నీ ఎప్పుడైనా అమర్చుకోవచ్చు. లేకపోతే ప్లాస్టిక్ పట్టీలతో కట్టిన మడ్‌గార్డు ప్రతి గుంతకూ కదులుతూ టైరును రాసుకుంటూ ఉంటుంది.

ఈ రకంలోనే ముందు సస్పెన్షన్ ఉన్నవీ లేనివీ దొరుకుతాయి. చవక ధరలో వచ్చే స్ప్రింగు ఫోర్కు ఒక్కటే రెండు కిలోలకు పైగా తూగుతుంది. స్ప్రింగు లేని గట్టి ఫోర్కు దాదాపు అందులో సగం బరువే ఉంటుంది. స్ప్రింగు ఫోర్కు మనం నిలబడి తొక్కినప్పుడు శ్రమను మింగుతుంది, కొన్నేళ్లకు బిగుసుకుపోతుంది, మడ్‌గార్డు అమర్చనివ్వదు. తారురోడ్డు మీది అదుర్లను తగ్గించడానికి 40 మిల్లీమీటర్ల టైరులో కాస్త తక్కువ గాలి పెట్టడమే మంచి మార్గం.

మౌంటెన్ బైక్

దృఢంగా కనబడుతుందనే కారణంతో చాలామంది మొదటి సైకిల్‌గా దీన్నే కొంటారు. దారిలో మట్టి, రాళ్లు, తవ్వి వదిలేసిన వీధులు నిజంగానే ఉంటే అది సరైన నిర్ణయం. తారురోడ్డు మీద మాత్రం టైరు గడ్డలు గుయ్‌మని మోగుతూ ప్రతి కిలోమీటరుకూ అదనపు శ్రమ పెడతాయి. ఇప్పటికే మీ దగ్గర ఇది ఉంటే అమ్మేయనక్కరలేదు. గడ్డలు లేని నున్నటి టైర్లు వేయించి, సస్పెన్షన్‌ను బిగించే మీట ఉంటే బిగించి, సీటు సరైన ఎత్తుకు లేపితే మీ చేతిలో ఉన్నది వేరే సైకిల్. ఈ రకం యజమానులు మొట్టమొదట మార్చేవి టైర్లే.

వంగిన హ్యాండిల్ ఉన్న సైకిళ్లు

పోటీల కోసం తయారైన రోడ్ బైక్ రోజువారీ పనికి అంతగా నప్పదు. 25 మిల్లీమీటర్ల టైరుకు గాలి బాగా ఎక్కించాలి, క్యారియర్‌కు రంధ్రాలుండవు, మడ్‌గార్డుకు చోటుండదు, సామాను వీపున మోయాలి. దూరం 12 కిలోమీటర్లు దాటి, గమ్యంలో స్నానం చేసి బట్టలు మార్చుకునే వసతి ఉన్నవారికి మాత్రమే అది లాభసాటి. అదే హ్యాండిల్‌తో 35–40 మిల్లీమీటర్ల టైర్లు, క్యారియర్ రంధ్రాలు, డిస్కు బ్రేకులు ఉన్న టూరింగ్ (సామానుతో దూరప్రయాణాలకు), గ్రావెల్ (కంకర దారులకు) రకాలు వేరే జాతి. ఎదురుగాలిలో కిందికి వంగి పట్టుకునే వీలు, చేతులు నొప్పెట్టినప్పుడు పట్టు మార్చుకునే వీలు రెండూ దూరప్రయాణంలో విలువైనవి. రోజూ దూరం తొక్కేవారికి నేను హైబ్రిడ్ కంటే దీన్నే ముందు చెబుతాను.

గేర్లే లేని తేలికపాటి సైకిళ్లు కూడా కొందరికి ఇష్టం. చదును ఊళ్లో నిర్వహణ దాదాపు ఉండదు. చక్రం తిరిగినంతసేపు పెడల్ కూడా తిరుగుతూనే ఉండే ఫిక్స్‌డ్ గేరుతో, బ్రేకుల్లేకుండా వీధిలోకి తెచ్చేవాటిని మాత్రం రోజువారీ వాహనాల లెక్కలో నేను చేర్చను.

మడిచే సైకిల్

రైలులోకో బస్సులోకో కారులోకో ఎక్కించవలసినవారికి, పనిచోట వీధిలో వదిలే ధైర్యం లేనివారికి దీనికి సాటి లేదు. దొంగతనం సమస్యకు ఉన్న అత్యుత్తమ తాళం సైకిల్‌ను మీ బల్ల కిందే పెట్టుకోవడం. చిన్న చక్రం ఉంది కాబట్టి ఎక్కువ సార్లు తొక్కాలనేది అపోహ. 349 మిల్లీమీటర్ల రిమ్ము ఉన్న 16 అంగుళాల చక్రానికి ముందు 54, వెనుక 13 పళ్లు పెడితే పెడల్ ఒక చుట్టుకు పైన చెప్పిన రోడ్‌స్టర్‌లాగే ఐదున్నర మీటర్లు పోతుంది. అసలు తేడా గుంతల దగ్గర తెలుస్తుంది. పెద్ద చక్రం దాటిపోయే గుంతలో చిన్న చక్రం దిగబడుతుంది. దారి బాగాలేకపోతే 406 మిల్లీమీటర్ల రిమ్ము ఉన్న 20 అంగుళాల రకం మేలు. అది మడిచినప్పుడు కాస్త పెద్ద మూట అవుతుంది.

ఇక్కడ బరువు అంకెను మాత్రమే నమ్మవద్దు. మడిచిన తరువాత ఎక్కడ పట్టుకుని ఎత్తాలి, పెడల్ మోకాలికి తగులుతుందా, జిడ్డు చైను లోపలి వైపుకు పోయి దాక్కుంటుందా లేక ప్యాంటుకు రాసుకుంటుందా, చిన్న చక్రాల మీద సామాను పెట్టెలా దొర్లించవచ్చా అన్నవి చేతితో చూసి తెలుసుకోవాలి. పదకొండు కిలోలున్నా పట్టు దొరకని మూటకంటే పదమూడు కిలోలున్నా దొర్లేదే నయం.

ఎలక్ట్రిక్ సైకిల్

మిట్టలు, ఎదురుగాలి, చెమట అనే మూడు కారణాలతో సైకిల్ మానేసినవారు తిరిగి ఎక్కగలిగేది దీనివల్లనే. తొక్కితేనే సాయపడే రకం, మీట తిప్పితే తనంతట తనే నడిచే రకం రెండూ వేర్వేరు. ఐరోపా సమాఖ్యలో 250 వాట్లకు మించని మోటారు, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయే సాయం ఉన్నదాన్నే మామూలు సైకిల్‌గా లెక్కిస్తారు. ఇతర దేశాల పరిమితులు వేరుగా ఉంటాయి కాబట్టి మీరు ఉండే చోటి నిబంధన చూసుకున్నాకే కొనాలి.

కొనేటప్పుడు మోటారు శక్తి కంటే సెన్సరు ఏ రకమో అడగడం ముఖ్యం. పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సరు కాస్త ఆలస్యంగా ఒక్కసారిగా తోస్తుంది. రద్దీలో ఇది ఇబ్బంది. పాదం ఎంత బలంగా తొక్కుతోందో కొలిచే టార్క్ సెన్సరు ఉంటే కాళ్లకు కొత్త బలం వచ్చినట్టే ఉంటుంది గానీ ఎవరో వెనకనుంచి నెట్టినట్టు అనిపించదు. కిలోమీటరుకు 8 నుంచి 15 వాట్-గంటలు (బ్యాటరీలో నిలిచే విద్యుత్తు కొలత) ఖర్చవుతాయని లెక్క వేసుకుంటే, 400 వాట్-గంటల బ్యాటరీ మిట్టల దారిలో 27, చదును దారిలో 50 కిలోమీటర్ల వరకు వస్తుంది. బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది కాబట్టి మీ రోజు అవసరానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉన్నది తీసుకోవాలి. మెట్లెక్కవలసినవారికి ఊడదీసి తీసుకెళ్లే బ్యాటరీ తప్పనిసరి. ఛార్జి అయిపోయిన ఇరవై రెండు కిలోల సైకిల్‌ను ఒక్కసారి ఎదురుగాలిలో ఇంటికి తొక్కుకొచ్చినవారు ఆ తరువాత ఛార్జరు మరిచిపోరు.

రకం తేలాక చూడవలసిన మూడు

గేర్లు: హబ్బు లోపల దాగిన గేర్లను సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడే మార్చుకోవచ్చు. డెరైలర్‌కు పెడల్ తిరుగుతూ ఉండాలి. ఆగి ఆగి సాగే వీధుల్లో ఈ ఒక్క గుణం రోజుకు పదిసార్లు గుర్తుకొస్తుంది. బదులుగా, హబ్బు గేర్ల వెనుక చక్రానికి పంచరైతే కేబుల్ విప్పి, 15 మిల్లీమీటర్ల పానాతో నట్లు తీయాలి. చీకట్లో, వానలో ఆ పని ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డెరైలర్ ఎంచుకుంటే చైను అరుగుదల చూసుకోవడం మీ బాధ్యత. ఒక స్కేలు తీసుకుని చైను మీద ఒక పిన్ను మధ్యన సున్నా పెట్టండి. కొత్త చైనులో ఇరవై నాలుగు లింకుల తరువాత వచ్చే పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. అది గీత దాటి అంగుళంలో పదహారో వంతు జరిగితే చైను మార్చే సమయం వచ్చింది. ఎనిమిదో వంతు జరిగే వరకు ఆగితే వెనుక పళ్లు కూడా అరిగిపోయి, కొత్త చైను వాటి మీద నిలవక జారుతుంది.

బ్రేకులు: వాన ఎక్కువగా ఉంటే డిస్కు లేదా డ్రమ్ము. కేబుల్ డిస్కును ఎవరైనా బాగుచేయగలరు. హైడ్రాలిక్ డిస్కు వేలితో తాకితే పట్టినంత మెత్తగా ఉంటుంది గానీ నూనె మార్చడానికి పనిముట్లు కావాలి.

టైర్లు: అంగుళాల పేర్లను నమ్మకండి. 28 అంగుళాలని రాసిన రెండు టైర్లలో ఒకటి 622, మరొకటి 635 మిల్లీమీటర్ల రిమ్ముది కావచ్చు, ఒకదాని స్థానంలో మరొకటి పట్టదు. టైరు పక్కన 37-622 వంటి జంట అంకె ఉంటుంది. అందులో మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. దాన్ని రాసి పెట్టుకుంటే కొత్త ట్యూబు కొనేటప్పుడు పొరపాటు జరగదు.

ఎవరికి ఏది

నాలుగైదు కిలోమీటర్ల చదును దారి, పని బట్టలు, నేల మీద పెట్టుకునే చోటు ఉన్నవారికి మూడు గేర్ల హబ్బు, డ్రమ్ము బ్రేకు ఉన్న రోడ్‌స్టర్ తప్ప వేరే ఆలోచన అక్కరలేదు. అదే దూరానికి మెట్లు అడ్డొస్తే మడిచే సైకిల్. దారి గతుకులైతే తేలికపాటి గట్టి ఫోర్కు హైబ్రిడ్. పిల్లవాణ్ణి బడి దగ్గర దించి, తిరుగు దారిలో సరుకులు తెచ్చుకునేవారు ఫ్రేము పైకడ్డీ కిందికి వంగి ఉన్నదాన్ని, రెండు కాళ్ల స్టాండు ఉన్నదాన్ని చూడాలి. క్యారియర్ మీద ఎన్ని కిలోలు మోయవచ్చో అచ్చు వేసి ఉంటుంది, ఎక్కువగా 25. పిల్లల సీటు బరువు కూడా అందులోనే లెక్క. మోకాళ్ల నొప్పి ఉన్నవారు, మిట్ట మీద ఇల్లు ఉన్నవారు ఎలక్ట్రిక్ వైపు మొగ్గడానికి సంకోచించనవసరం లేదు. రోజూ పాతిక, ముప్పై కిలోమీటర్లు తొక్కే ఉత్సాహవంతులకు మడ్‌గార్డులు బిగించిన టూరింగ్ సైకిల్.

రెండు మిగిలి, ఒకటి తేల్చుకోలేకపోతే దుకాణం ముందు ఖాళీగా తొక్కి చూడవద్దు. మీరు రోజూ మోసే సంచి, రోజూ వేసుకునే చెప్పులు లేదా బూట్లతో వెళ్లండి. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి, పెడల్ అడుగుకు చేరినప్పుడు కాలు నిటారుగా వచ్చేలా ఎత్తు సరిచేయించండి. సంచిని క్యారియర్‌కు పక్కన వేలాడదీసి తొక్కుతూ మడమ దానికి తగులుతుందేమో చూడండి. తరువాత సైకిల్‌ను అదే సంచితో ఎత్తి, ఒక అంతస్తు మెట్లెక్కి, తలుపు తీసినట్టు ఒక చెయ్యి వదిలి నిలబడండి.